ఊరి పక్కన బొగ్గు గ్యాసిఫికేషన్ ప్లాంటు: స్థల ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును గ్యాసిఫికేషన్‌కు వినియోగించాలన్నది కేంద్ర ప్రభుత్వ లక్ష్యం. ఇందుకోసం 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 జనవరి 24న ఆమోదం తెలిపింది. ఇలాంటి ప్లాంట్లు ఎక్కువగా గనులకు దగ్గరగా, అంటే పల్లెల మధ్యనే వస్తాయి. గోదావరి లోయ బొగ్గు ప్రాంతంలోని రైతులు, సర్పంచులు, గ్రామసభ సభ్యులు తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి.

బొగ్గు గ్యాసిఫికేషన్ అంటే ఏమిటి? థర్మల్ విద్యుత్ కేంద్రానికీ దీనికీ తేడా ఏమిటి?

థర్మల్ కేంద్రంలో బొగ్గును పూర్తిగా మండించి, ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుతారు. గ్యాసిఫికేషన్‌లో బొగ్గును పూర్తిగా మండనివ్వరు. గ్యాసిఫైయర్ అనే ఉక్కు పాత్రలో అధిక ఉష్ణోగ్రత వద్ద, పూర్తిగా మండడానికి చాలనంత తక్కువ ఆక్సిజన్‌తోను, నీటి ఆవిరితోను బొగ్గును చర్య జరిపిస్తారు. అప్పుడు ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన సింగ్యాస్ వెలువడుతుంది. దానిని శుద్ధి చేసి అమ్మోనియా, యూరియా, మిథనాల్, కృత్రిమ సహజవాయువు వంటివి తయారు చేయవచ్చు. ఇనుప ఖనిజాన్ని ఇనుముగా మార్చడానికీ వాడవచ్చు. కాబట్టి ఊరి పక్కకు వచ్చేది విద్యుత్ కేంద్రం కన్నా రసాయన కర్మాగారానికే దగ్గరగా ఉంటుంది. స్థలం గురించి ఆలోచించేటప్పుడు ఈ సంగతిని మొదట గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే థర్మల్ కేంద్రాలను చూసి అలవాటుపడిన మనం పొగ గురించి, బూడిద గురించి అడుగుతామే గానీ విషవాయువుల నిల్వ గురించి అడగము.

ఇది మన ప్రాంతానికి పూర్తిగా కొత్తదా?

కాదు. రామగుండంలో భారత ఎరువుల సంస్థ నిర్మించిన కర్మాగారం బొగ్గును గ్యాసుగా మార్చి యూరియా తయారు చేసేది. దానికి జంటగా ఒడిశాలోని తాల్చేరులోనూ అలాంటిదే కట్టారు. రెండూ 1980 నవంబరులో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించి, 1999లో మూతపడ్డాయి. కరెంటు కొరత, యంత్రాల ఇబ్బందులు, పేరుకుపోయిన నష్టాలు కలిసి వాటిని ముంచాయి. రామగుండంలో అదే ప్రాంగణంలో ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో కొత్త యూరియా కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది గానీ, అది నడిచేది పైపులైను ద్వారా వచ్చే సహజవాయువుతో. తాల్చేరులో మాత్రం మళ్లీ బొగ్గుతోనే, అందులో పెట్రోలియం కోక్ (చమురు శుద్ధిలో మిగిలే బొగ్గులాంటి పదార్థం) కలిపి నడిపే కర్మాగారానికి 2018 సెప్టెంబరులో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు.

హైదరాబాదులోని భెల్ పరిశోధన విభాగం మన దేశపు అధిక బూడిద బొగ్గు నుంచి రోజుకు 0.25 టన్నుల మిథనాల్ తీసే ప్రయోగాత్మక ప్లాంటును నడిపి చూపించింది. ప్రయోగశాలలో సాధ్యమైనది పల్లెలో భారీ స్థాయిలో ఏళ్ల తరబడి నిలకడగా నడుస్తుందా అన్నది వేరే ప్రశ్న. దానికి రామగుండం అనుభవం పక్కనే ఉంది.

పట్టణ పారిశ్రామికవాడలు ఉండగా పల్లెలోనే ఎందుకు పెడతారు?

మన బొగ్గులో బూడిద 35 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. వంద వ్యాగన్ల బొగ్గును దూరం తీసుకెళ్తే అందులో దాదాపు నలభై వ్యాగన్లు బూడిదనే మోసినట్టు. అందుకే గని దగ్గరే ప్లాంటు పెట్టడం ఖర్చు రీత్యా సబబు. భూమి ధర తక్కువ కావడం, ఎదురు చెప్పే గొంతులు తక్కువగా ఉంటాయన్న లెక్క కూడా ఇందులో లేకపోలేదు.

స్థలం ఎంపికలో అన్నిటికన్నా ముందు ఏమి చూడాలి?

ప్రత్యామ్నాయ స్థలాలు నిజంగా పరిశీలించారా అన్నది చూడాలి. అనుమతి కోసం కంపెనీ ఇచ్చే పర్యావరణ ప్రభావ అంచనా నివేదికల్లో చాలావాటిలో ఈ అధ్యాయం రెండు పేజీలకు మించదు. ముందే ఖాయం చేసుకున్న చోటికి అనుకూలంగా మరో రెండు చోట్ల పేర్లు పక్కన రాసి ముగిస్తారు. నేనైతే నివేదికలో అన్నిటికన్నా ముందు చదివేది ఆ రెండు పేజీలే.

తవ్వకం పూర్తయిన గని భూములు అందుబాటులో ఉండగా రెండు పంటలు పండే పొలాన్ని అడగడం న్యాయం కాదు. బొగ్గు ప్రాంతాల సేకరణ చట్టం కింద తీసుకుని, తవ్వకం పూర్తయిన లేదా తవ్వకానికి పనికిరాని భూములను గ్యాసిఫికేషన్, బొగ్గు రసాయన ప్లాంట్ల వంటి వాటికి వాడుకునేందుకు కేంద్రం 2022 ఏప్రిల్‌లో అనుమతించింది. సింగరేణి ప్రాంతంలో భూములు ఏ చట్టం కింద సేకరించినవైనా, ఇదే ప్రశ్న అడగవచ్చు. అయితే ఒక ఇబ్బంది ఉంది: ఓపెన్‌కాస్ట్ గుంతను మట్టితో పూడ్చిన చోట నేల ఏళ్ల పాటు కుంగుతూనే ఉంటుంది, పాత భూగర్భ గని పైన కూడా నేలను నమ్మలేము. గ్యాసిఫైయర్, అమ్మోనియా ట్యాంకుల వంటి భారీ నిర్మాణాలకు గట్టి నేల కావాలి. కానీ బొగ్గు నిల్వ యార్డు, బూడిద కుప్పలు, పచ్చని చెట్ల పట్టీ, నీటి చెరువులకు ఆ అవసరం లేదు. మొత్తం విస్తీర్ణంలో ఎక్కువ భాగం వీటిదే అవుతుంది కాబట్టి, ‘గని భూమి పనికిరాదు’ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఒప్పుకోకూడదు. ఏ భాగానికి ఎన్ని ఎకరాలు, ఏ భాగానికి గట్టి నేల అవసరమో విడివిడిగా చూపించమనాలి.

నది ఒడ్డున పెడితే నీటికి సులువు కదా, అభ్యంతరం ఎందుకు?

గోదావరి వరద తెలిసినవారు ఈ ప్రశ్నకు తామే జవాబు చెప్పగలరు. భద్రాచలం వద్ద నీటిమట్టం 1986లో 75.6 అడుగులకు చేరింది, 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటింది. వరద నీరు బూడిద చెరువులోకి, మురుగు శుద్ధి తొట్లలోకి, రసాయన ట్యాంకుల కిందికి చేరితే ఆ కలుషితం దిగువ ఊళ్లన్నిటికీ పోతుంది. వరద మైదానం నుంచి కనీసం అర కిలోమీటరు దూరంలో పరిశ్రమ ఉండాలని, మేలైన సాగుభూమిని పరిశ్రమలకు మార్చకూడదని పర్యావరణ మంత్రిత్వ శాఖ ఎప్పటి నుంచో మార్గదర్శకాల్లో చెబుతోంది. స్థలం పటంపై 1986, 2022 వరద గుర్తులను గీసి చూపించమని అడగండి. ఊళ్లో గుడి మెట్టు మీదో, బడి గోడ మీదో పెద్దలు చూపించే వరద గుర్తు ఉంటే దాని ఫొటోను, ఎత్తును రాతపూర్వకంగా ఇవ్వండి.

నీరు ఎంత ఖర్చవుతుంది? మా బోర్లకు, కాలువకు ఇబ్బంది వస్తుందా?

నీరు కేవలం యంత్రాలు చల్లబరచడానికే కాదు. సింగ్యాస్‌లో హైడ్రోజన్ పాలు పెంచడానికి కార్బన్ మోనాక్సైడ్‌ను నీటి ఆవిరితో చర్య జరిపిస్తారు. ఆ నీరు విడిపోయి ఉత్పత్తిలో కలిసిపోతుంది గనుక తిరిగి రాదు. గ్యాసును కడగడానికి, బూడిదను చల్లార్చడానికి, బొగ్గు యార్డులో దుమ్ము అణచడానికి అదనంగా కావాలి. కాబట్టి ‘నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకుంటాం’ అన్న హామీ మంచిదే అయినా, రోజూ కొత్తగా తీసుకునే నీరు ఎంతో ఘనపు మీటర్లలో చెప్పించుకోవాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఆ నీరు ఎవరి వాటాలోంచి వస్తుందన్నది. మార్చి నుంచి జూన్ దాకా ప్రవాహం సన్నగిల్లినప్పుడు జలాశయంలో మిగిలే నీటిలో తాగునీటి పథకాలకు, కాలువ చివరి ఆయకట్టుకు, ప్లాంటుకు ఏ వరుసలో ఇస్తారు? కరువు ఏడాదిలో మొదట కోత పడేది ఎవరికి? నీటి కేటాయింపు ఉత్తర్వు నంబరు, తేదీ, పరిమాణం అడగండి. ఉత్తర్వు ఇంకా రాలేదంటే, నీరు ఖాయం కాకుండానే స్థలం ఖాయమైందని అర్థం.

మురుగు సంగతి గ్యాసిఫైయర్ రకాన్ని బట్టి మారుతుంది. బొగ్గు పెళ్లలను పైనుంచి పోసి నెమ్మదిగా మార్చే స్థిర పడక రకంలో తారు, ఫీనాల్, అమ్మోనియా ఎక్కువగా నీటిలోకి వస్తాయి. మెత్తటి పొడిని చాలా ఎక్కువ వేడిలో ఎగజిమ్మే రకంలో తారు దాదాపు ఉండదు గానీ, గ్యాసును కడిగిన నీరు సన్నటి నుసితో నల్లగా దిగుతుంది, సయనైడ్ జాడలు ఉంటాయి. చుక్క కూడా బయటికి వదలబోమని రాసుకున్న ప్లాంటులో ఆ ఉప్పు, ఆ మురికి చివరికి గట్టి వ్యర్థంగా మిగులుతాయి. వాటిని దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం లాంటి చోటికి పంపుతారా, ప్రాంగణంలోనే పెడతారా అన్నది తేలాలి.

ఊరు తనంతట తాను చేయగలిగిన పని ఒకటుంది, దానిని వాయిదా వేయకూడదు. నిర్మాణం మొదలుకాకముందే ఊళ్లోని కొన్ని బోర్లు, చేదబావుల నీటిని ఎండాకాలంలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి గుర్తింపు పొందిన ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. ప్రతి సీసాపై సర్వే నంబరు, బోరు లోతు, తేదీ, సమయం రాసి, పంచాయతీ కార్యదర్శి సమక్షంలో సీలు వేయించి, ఫీనాల్, సయనైడ్, అమ్మోనియా, ఆర్సెనిక్, సీసం, కరిగిన లవణాలు చూపించమని అడగాలి. ఆ కాగితాలు లేకపోతే, పదేళ్ల తర్వాత నీరు చెడిందని చెప్పినప్పుడు ‘ఇక్కడి నీరు మొదటి నుంచీ ఇంతే’ అన్న జవాబు వస్తుంది.

బూడిద ఎంత వస్తుంది, ఎక్కడ పోస్తారు?

లెక్క కష్టం కాదు. ఏటా 10 లక్షల టన్నుల బొగ్గు వాడే ప్లాంటులో బూడిద 40 శాతం ఉంటే ఏటా 4 లక్షల టన్నులు మిగులుతుంది. ప్లాంటు ఆయుష్షు పాతికేళ్లు అనుకుంటే కోటి టన్నులు. ఎక్కువ వేడి రకంలో అది కరిగి, నీటిలో పడి నల్లటి గాజు పలుకుల్లా గట్టిపడుతుంది. అందులోని లోహాలు సులువుగా కారిపోవు, రోడ్లకు, ఇటుకలకు వాడుకోవచ్చు. అయితే మన బొగ్గులో ఉన్నంత బూడిదను కరిగించడానికి ఇంధనం చాలా ఖర్చవుతుంది గనుక, మన దేశానికి ద్రవీకృత పడక రకం (బొగ్గు నలుసులను కింది నుంచి గాలి ఊది తేలియాడించేది) మేలని చాలామంది ఇంజనీర్ల అభిప్రాయం. అందులో వచ్చేది పొడి బూడిద, మిగిలిపోయిన కార్బన్‌తో కలిసి ఉంటుంది. మీ ఊరి పక్కకు వచ్చేది ఏ రకమో తెలియకుండా బూడిద గురించి ఏ హామీ ఇచ్చినా దానికి ఆధారం ఉండదు.

గ్యాస్ లీకైతే మా పరిస్థితి ఏమిటి? ఇళ్లు ఎంత దూరంలో ఉండాలి?

ఈ భయం అర్థంలేనిది అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్ఆర్ వెంకటాపురం పక్కన ఉన్న పాలిమర్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కర్మాగారంలో సైరన్ ఉన్నా మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. ఇది గ్యాసిఫికేషన్ ప్లాంటు కాదు. కానీ రసాయన కర్మాగారానికి ఆనుకుని నివాసాలు ఉంటే, నిద్రలో ఉన్న మనిషికి హెచ్చరిక అందకపోతే ఏమవుతుందో తెలుగువారికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక్కడ ఉండే వాయువులు వేరు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది గానీ, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు; వాసన ఆగిపోయిందని ప్రమాదం తప్పిందనుకోవడం ప్రాణాంతకం. యూరియా తయారు చేసే చోట అమ్మోనియా పెద్ద ట్యాంకుల్లో ఉంటుంది. మామూలుగా నడిచేటప్పుడు ఇవన్నీ మూసిన గొట్టాల్లోనే ఉంటాయి, గంధకాన్ని విడదీసి పసుపు ముద్దగా అమ్ముకుంటారు. అందువల్ల సల్ఫర్ డయాక్సైడ్ వంటివి గాలిలోకి పోవడం థర్మల్ కేంద్రం కన్నా తక్కువగా ఉంటుంది. ఈ మేలును ఒప్పుకోవాలి. ప్రమాదం ఎక్కువగా ప్లాంటును ఆపేటప్పుడు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు పొంచి ఉంటుంది.

దూరం ఎంత అన్నదానికి ఒకే అంకె చెప్పడం సరికాదు. అతిపెద్ద ట్యాంకు పగిలితే, గాలి కదలని రాత్రివేళ ఆ మేఘం ఎంత దూరం పాకుతుందో లెక్కగట్టి, ఆ వృత్తాన్ని పటంపై గీయాలి. సాధారణంగా అంచనా నివేదిక కోసం గాలి వివరాలను వర్షాకాలం కాని ఒక్క సీజనులోనే సేకరిస్తారు. అది ఎండాకాలమైతే, డిసెంబరు, జనవరి రాత్రుల్లో పొగ పైకి లేవకుండా పొలాల మీదే పరుచుకునే మన ప్రాంతపు పరిస్థితి అందులో కనిపించదు. ‘శీతాకాలపు నిశ్చల రాత్రికి లెక్క ఏది?’ అన్నది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. ఆ వృత్తం లోపల బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి ఉంటే స్థలం మారాలి. ప్లాంటు బయటి ప్రాంతానికి అత్యవసర ప్రణాళికను జిల్లా యంత్రాంగం సిద్ధం చేయాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు చెబుతున్నాయి. ఏ సైరన్‌కు ఏమి అర్థమో, ఏ దారిన పోవాలో, బస్సులు ఎక్కడ ఆగుతాయో అందులో మీ ఊరి పేరుతో ఉండాలి.

వాసన, మంట, శబ్దం రోజూ ఉంటాయా?

ఎత్తయిన గొట్టం చివర కనిపించే మంటలో మిగులు గ్యాసును కాల్చేస్తారు. నిలకడగా నడిచే ప్లాంటులో అది చిన్నదిగా ఉంటుంది. తరచుగా ఆగే ప్లాంటులో రాత్రంతా ఊరు ఎర్రగా వెలుగుతుంది, హోరు వినిపిస్తుంది. మంట ఎప్పుడు, ఎంతసేపు పెద్దదిగా ఉందో తేదీలతో రాసిపెట్టుకోవడం మంచిది.

భూమి ఇవ్వకపోతే ఏమవుతుంది? పరిహారం ఎలా లెక్కిస్తారు?

2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే ప్రభావిత కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం ముందే సమ్మతించాలి. ప్రభుత్వ సంస్థ కోసమైతే ఈ సమ్మతి నిబంధన వర్తించదు. గ్రామీణ ప్రాంతంలో మార్కెట్ విలువను రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, దానికి నూరు శాతం సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు మొత్తం) కలుపుతారు. బహుళ పంటల సాగునీటి భూమిని చివరి గత్యంతరంగా మాత్రమే తీసుకోవాలి. అయితే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తర్వాత ఈ చట్టాన్ని సవరించుకుని, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించుకున్నాయి. అందువల్ల నోటిఫికేషన్ ఏ సెక్షన్ కింద వచ్చిందో చదివించుకున్నాకే సంతకం గురించి ఆలోచించాలి. కౌలు రైతులు, కూలీలు కూడా ప్రభావిత కుటుంబాల నిర్వచనంలోకి వస్తారు. వారి పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో పట్టాదారులే ముందు నిలబడి చూడాలి.

మాది ఏజెన్సీ గ్రామం. మాకు వేరే రక్షణలు ఉన్నాయా?

ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని 1970లో సవరించిన 1959 నాటి 1వ నిబంధన నిషేధిస్తోంది. ప్రైవేటు కంపెనీ కూడా ఈ విషయంలో గిరిజనేతర వ్యక్తితో సమానమేనని సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలి. ప్రభుత్వ రంగ సంస్థ పేరుతో భూమి తీసుకుని తర్వాత ప్రైవేటు భాగస్వామిని తెచ్చే ఏర్పాటు ఉందేమో ముందే అడిగి, జవాబును గ్రామసభ తీర్మానంలో రాయించాలి.

ప్రజాభిప్రాయ సేకరణలో మా మాటకు విలువ ఉంటుందా?

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించి, జిల్లా కలెక్టర్ లేదా ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షతన సభ జరపాలి. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉండాలి. సభకు కోరం లేదు. పది మంది వచ్చినా జరిగినట్టే లెక్క. కాబట్టి బహిష్కరించడం వల్ల ఊరికి ఒరిగేది ఏమీ ఉండదని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే అనుమతి పొందిన పారిశ్రామిక పార్కు లోపల ప్లాంటు పెడితే ఈ సభ నుంచే మినహాయింపు ఉంటుంది, కనుక స్థలం పార్కు హద్దుల్లోకి వస్తుందేమో చూసుకోవాలి.

సభలో ‘ప్లాంటు వద్దు’ అన్న మాట మినిట్స్‌లో ఒక వాక్యమై పోతుంది. ‘మా ఊరి అంగన్‌వాడీ అమ్మోనియా ట్యాంకు నుంచి ఎన్ని మీటర్లు, లీకు మేఘం అంత దూరం వస్తుందా’ అన్న ప్రశ్నకు మాత్రం కంపెనీ జవాబు రాయాల్సిందే. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న పంచుకుని, రాతప్రతి ఇచ్చి, రసీదు తీసుకోండి. సభ ముగింపులో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి. అక్కడే తప్పులు దిద్దించాలి, వీడియో రికార్డింగు జరుగుతోందో లేదో గమనించాలి.

ఉద్యోగాలు ఎన్ని వస్తాయి?

నిర్మాణ కాలంలో ఎక్కువ, నడిచేటప్పుడు తక్కువ. శాశ్వత ఉద్యోగాలకు కెమికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువులు కావాలి. నిర్మాణానికి పట్టే నాలుగైదేళ్లలో ఊరి పిల్లలకు ఐటీఐ, డిప్లొమా శిక్షణ ఖర్చు కంపెనీ పెట్టుకునేలా ఒప్పందం రాయించుకోవడం, ‘ఇంటికో ఉద్యోగం’ అన్న వేదిక మీది మాట కన్నా నికరమైనది.

ప్లాంటు మధ్యలో ఆగిపోతే?

అమెరికాలో రెండు గ్రామీణ ఉదాహరణలు ఉన్నాయి. నార్త్ డకోటాలోని బ్యూలా పట్టణం దగ్గర 1984లో మొదలైన గ్రేట్ ప్లెయిన్స్ ప్లాంటు లిగ్నైట్ (గోధుమ రంగు నాసి బొగ్గు) నుంచి సహజవాయువు తయారు చేస్తుంది. మరుసటి ఏడాదే యజమానులు అప్పు తీర్చలేక చేతులెత్తేస్తే ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, 1988లో విద్యుత్ సహకార సంస్థ కొనుక్కున్నాకే నిలదొక్కుకుంది. మిసిసిపీలోని కెంపర్ కౌంటీలో కథ వేరు. మొదట 300 కోట్ల డాలర్ల లోపు అనుకున్న ఖర్చు 700 కోట్లు దాటింది. 2017లో గ్యాసిఫికేషన్‌ను వదిలేసి సహజవాయువుతో కరెంటు ఉత్పత్తికి పరిమితమయ్యారు, 2021లో గ్యాసిఫైయర్ నిర్మాణాలను పేల్చి కూల్చేశారు. పక్కన తెరిచిన లిగ్నైట్ గనికి కొనేవారు లేకుండా పోయారు.

కాబట్టి మూసివేత ఖర్చుకు, నేల, నీటి శుద్ధికి సరిపడా బ్యాంకు గ్యారంటీని మొదటి రోజే జమ చేయించాలని గ్రామసభ తీర్మానం చేయాలి. సేకరించిన భూమిని ఐదేళ్లపాటు వాడకపోతే అసలు యజమానికి గానీ ప్రభుత్వ భూబ్యాంకుకు గానీ చేరాలని 2013 చట్టం 101వ సెక్షన్ చెబుతోంది. ఆ రెండింటిలో యజమానికే దక్కేలా రాతపూర్వక హామీ అడగాలి.

కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి నిల్వ చేస్తామంటున్నారు. నమ్మవచ్చా?

గ్యాసిఫికేషన్‌లో ఈ వాయువును విడదీయడం థర్మల్ పొగలోంచి తీయడం కన్నా సులువు. గ్రేట్ ప్లెయిన్స్ 2000 సంవత్సరం నుంచి దానిని పైపులైనులో కెనడాలోని వేబర్న్ చమురు క్షేత్రానికి పంపుతోంది. యూరియా తయారీలోనూ కొంత ఖర్చవుతుంది. విడదీశాక ఎక్కడికి పంపుతారు, పైపులైను ఏ ఊళ్ల మీదుగా పోతుంది అన్నవి రాతలో లేకపోతే ఆ మాట స్థల ఎంపికలో లెక్కలోకి రాకూడదు.

భూగర్భ గ్యాసిఫికేషన్ అని కూడా వింటున్నాం. అదీ ఇదీ ఒకటేనా?

ఒకటి కాదు. అందులో బొగ్గును తవ్వకుండా, బోర్ల ద్వారా గాలి పంపి నేల లోపలే గ్యాసుగా మారుస్తారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చించిల్లా వద్ద ఇలాంటి ప్రయోగం నేలను, భూగర్భ జలాన్ని కలుషితం చేసింది. అక్కడి ప్రభుత్వం 2016లో ఈ విధానాన్నే నిషేధించింది. మీ ఊరి ప్రతిపాదనలో ఈ మాట ఉంటే పైన చెప్పిన ప్రశ్నలు చాలవు, భూగర్భ జల నిపుణుడిని పెట్టుకోవాలి.

పర్యావరణ అనుమతి వచ్చేసింది. ఇక చేయగలిగింది ఉందా?

ఉంది, కానీ గడువు తక్కువ. అనుమతిపై 30 రోజుల్లో జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో అప్పీలు వేయవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా ట్రైబ్యునల్ ఒప్పుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై ధర్మాసనం వర్తిస్తుంది. ఆ గడువు దాటినా, అనుమతి పత్రంలోని ప్రతి షరతు అమలైందో లేదో కంపెనీ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అనుమతి ప్రతిని పంచాయతీ కార్యాలయంలో ఉంచుకుని, ఆ నివేదిక వచ్చినప్పుడల్లా మీ బోరు నీటి పరీక్ష కాగితాలతో, మంట తేదీల పుస్తకంతో పోల్చి చూడండి. తేడా కనిపించిన షరతు నంబరును పేర్కొంటూ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, కలెక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి.